కుర్చీలో కాషాయం

1983 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల ఇళ్ళ మీద పిడుగు పడింది. పదవీ విరమణ వయసును 58 నుంచి 55కి తగ్గిస్తూ కొత్త ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. ఇంకా మూడేళ్ళ సర్వీసుంది కదా అని కూతురి పెళ్ళికీ ఇంటి అప్పుకూ లెక్కలు వేసుకున్న గుమాస్తాలూ హెడ్మాస్టర్లూ నెల తిరక్కుండానే పెన్షన్ కాగితాల కోసం తిరగాల్సి వచ్చింది. కుర్రాళ్ళకు ఉద్యోగాలు రావాలంటే పెద్దలు తప్పుకోవాలన్నది సర్కారు వాదన. ఆ ఉత్తర్వు వెనకున్న ముఖ్యమంత్రికి అప్పటికే 59 నిండాయి. ఆయన కొలువులో చేరి నెల రోజులే అయింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, ప్రభుత్వమే నెగ్గింది. విరమణ వయసు మాత్రం కొన్నాళ్ళకు మళ్ళీ 58కి వచ్చింది.

ఆ ముఖ్యమంత్రే కాషాయం కట్టారు. ఒక్కోసారి తలపాగా కూడా చుట్టి వివేకానందుణ్ణి తలపించారు. గండిపేటలో కుటీరం వేసుకున్నారు. తెల్లవారుజామునే లేచి, కోడి కూయకముందే అధికారులను పిలిపించి ఫైళ్ళు చూసేవారు. అభిమానులు రాజర్షి అన్నారు. గిట్టనివాళ్ళు ఇదీ ఒక మేకప్పేనన్నారు. 1987లో వచ్చిన ‘మండలాధీశుడు’ సినిమాలో కోట శ్రీనివాసరావు ఆయన్ను అనుకరిస్తూ నటిస్తే అభిమానులు మండిపడ్డారు. ఇంత రభసలోనూ అసలు ప్రశ్న ఎవరికీ పట్టలేదు. రాజ్యం చేస్తూ సన్యాసిగా ఉండడం కుదురుతుందా? నందమూరి తారక రామారావు పుట్టడానికి వేల ఏళ్ళ ముందు నుంచీ ఈ దేశంలో నలుగుతున్న ప్రశ్న ఇది. ఆయన రాజకీయ జీవితాన్ని ఈ ప్రశ్న పక్కన పెట్టి చూస్తే ఎన్నికల లెక్కల్లో కనిపించనివి కొన్ని కనిపిస్తాయి.

ముందు ఆ కాషాయానికి నేపథ్యం చెప్పుకోవాలి. కృష్ణా జిల్లా నిమ్మకూరులో 1923లో పుట్టిన ఈ రైతుబిడ్డ డిగ్రీ అయ్యాక సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం సంపాదించి, వారాల్లోనే దాన్ని వదిలేసి మద్రాసు రైలెక్కారు. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇంట సర్కారీ కొలువు వదులుకోవడమంటే చిన్న త్యాగం కాదు. 1949లో ‘మనదేశం’లో పోలీసు అధికారిగా తొలిసారి తెర మీద కనిపించారు. తర్వాత ఒక సినిమాలో కాసేపు కృష్ణుడిగా వస్తే జనానికి నచ్చలేదు. ‘మాయాబజార్’కి మళ్ళీ ఆ వేషం వేయడానికి ఆయనే జంకారు, కె.వి.రెడ్డి పట్టుబట్టి వేయించారు. 1957లో ఆ సినిమా వచ్చాక తెలుగువాళ్ళకు కృష్ణుడి ముఖం ఎలా ఉంటుందన్న సందేహం తీరిపోయింది. 1960లో ‘శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం’తో వేంకటేశ్వరుడి ముఖం, 1963లో ‘లవకుశ’తో రాముడి ముఖం కూడా ఖాయమయ్యాయి. తిరుమల కొండ దిగిన యాత్రికుల బస్సులు మద్రాసు త్యాగరాయనగర్‌లోని బజుల్లా రోడ్డుకి వెళ్ళి ఆయన ఇంటి ముందు ఆగేవి. కొండ మీద దర్శనమయ్యాక ఇక్కడా ఒక దర్శనం.

దీన్ని చూసి చదువుకున్నవాళ్ళు పామర జనం అని నవ్వారు. తెర ముందు కర్పూరం వెలిగించిన రైతుకు మాత్రం ఆ నటుడి పేరు తెలుసు, ఊరు తెలుసు, వచ్చే వారం అదే హాల్లో దొంగగానో రౌడీగానో కనిపిస్తాడనీ తెలుసు. రాతిలోకి దేవుణ్ణి ఆవాహన చేసి, పూజయ్యాక ఉద్వాసన చెప్పే సంప్రదాయంలో పెరిగినవాడికి ఒక దేహం కాసేపు దేవుడిదై, మళ్ళీ మనిషిదైపోవడం వింతేం కాదు. పైగా ఈ దేవుడు రావణుడూ అయ్యాడు, దుర్యోధనుడూ అయ్యాడు. 1977 నాటి ‘దానవీరశూర కర్ణ’లో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ ఆయనే. జనం ఇప్పటికీ ఎక్కువగా అప్పజెప్పేది దుర్యోధనుడి మాటల్నే.

తెర మీది సాధుత్వం జేబులోకి దిగితే ఏమవుతుందో అంతకుముందే చిత్తూరు నాగయ్య చూపించారు. పోతనగా, త్యాగయ్యగా, వేమనగా నటించిన ఆయన అడిగినవాడికల్లా ఇచ్చేసి, 1973లో చేతిలో చిల్లిగవ్వ లేని స్థితిలో పోయారు. ఆయన్ను ఎవరూ ముఖ్యమంత్రిని చేయలేదు.

రామారావు 1982 మార్చి 29న తెలుగుదేశం పెట్టి, పాత షెవర్లే వ్యాన్‌ని చైతన్యరథంగా మార్చుకుని నెలల తరబడి రాష్ట్రమంతా తిరిగారు. ఒంటి మీద ఖాకీ బట్టలు. రోడ్డు పక్కనే స్నానం, దొరికిన చోట తిండి, వ్యాన్‌లోనే నిద్ర. నిజానికి ఆయన జీవితంలో సన్యాసానికి బాగా దగ్గరగా ఉన్నవి ఆ ఖాకీ నెలలేననిపిస్తుంది. 1983 జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో జనం మధ్య ప్రమాణం చేసిన రోజుతో ఆ దశ ముగిసింది. అక్కణ్ణుంచి రాజ్యమూ కాషాయమూ ఒకే మనిషి మీదికి వచ్చాయి.

శాస్త్రం దగ్గర చిక్కంతా ఇక్కడే. సన్యాసం పుచ్చుకునేవాడు మొట్టమొదట సకల ప్రాణులకూ అభయమిస్తాడు. తన వల్ల ఎవరికీ భయం ఉండదని మాటిస్తాడు. రాజు ఆ మాట ఇవ్వలేడు. దొంగకు రాజంటే భయం ఉండాలి, పన్ను ఎగ్గొట్టేవాడికీ, లంచం తినేవాడికీ ఉండాలి. రాజధర్మమంతా శిక్షించే అధికారం మీదే నిలబడింది. పోలీసు శాఖ చేతిలో ఉన్న మనిషి అభయప్రదానం చేయడం ఎలా?

దీనికి అందరూ చూపించే జవాబు జనకుడు. గీత మూడో అధ్యాయంలో కృష్ణుడే ఆయన పేరెత్తుతాడు. కర్మ చేస్తూనే సిద్ధి పొందినవాళ్ళున్నారని అర్జునుడికి చెబుతాడు. అయితే ఆ శ్లోకం దగ్గర శంకరాచార్యులు అంత తేలిగ్గా వదల్లేదు. జనకుడు జ్ఞానే అయితే ప్రారబ్ధం కొద్దీ, లోకం కోసం కర్మలో ఉండిపోయాడనుకోవాలి. జ్ఞాని కాకపోతే కర్మతో మనసు శుద్ధి చేసుకుంటూ మెల్లగా అక్కడికి చేరాడనుకోవాలి అని రెండు దారులూ తెరిచి ఉంచారు. జనకుడి సంగతిలోనే తీర్పు చెప్పడానికి శంకరులు ఆగారంటే, తర్వాతి రాజర్షుల విషయంలో మనం తొందరపడనవసరం లేదు.

శాంతిపర్వంలో ఇంకా పదునైన ఘట్టం ఒకటుంది. మిథిలను ఏలే ధర్మధ్వజుడనే జనకుడు తాను సింహాసనం మీద ఉంటూనే ముక్తుణ్ణయ్యానని చెప్పుకుంటాడు. సులభ అనే భిక్షుకి ఆ మాట విని, నిజమో కాదో తేల్చుకుందామని యోగబలంతో చక్కని రూపం ధరించి సభకు వస్తుంది. అదే బలంతో రాజు మనసులోకి ప్రవేశిస్తుంది. రాజు ఉలిక్కిపడతాడు. నువ్వెవరు, ఎవరి దానివి, ఏ వర్ణం, అడక్కుండా నాలోకి ఎలా వచ్చావని కడిగేస్తాడు. ఆమె నిదానంగా జవాబిస్తుంది. ముక్తుడికి నీది, నాది అన్న పట్టింపు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతుంది. ఆ తర్వాత రాజరికం మీదికే వెళుతుంది. భూమినంతా ఏలేవాడైనా ఉండేది ఒక్క నగరంలో, ఆ నగరంలో ఒక్క భవనంలో, ఆ భవనంలో ఒక్క మంచం మీద. ఆ మంచంలోనూ సగం రాణిది. ఇక స్వతంత్రం సంగతా? సంధికీ యుద్ధానికీ మంత్రుల మాట వినాలి. తినడానికీ పడుకోవడానికీ ఎవరో వేళ గుర్తు చేస్తారు, అడగడానికి వచ్చినవాళ్ళు నిద్ర పోనివ్వరు. అందరికీ ఆజ్ఞలిచ్చేవాడే అందరికంటే పరాధీనుడని తేలుస్తుంది. జనకుడు నోరు మెదపలేకపోతాడు.

సులభ వాదంలో గొప్పతనం ఏమిటంటే, రాజు కపటి అని ఆమె ఎక్కడా అనదు. ఆయన వైరాగ్యం దొంగదా అసలుదా అన్న చర్చకే దిగదు. ఆమె పట్టుకున్నది కొలువు స్వభావాన్ని. ఇదే కొలతతో చూస్తే రామారావు చిత్తశుద్ధి మీద జరిగిన వాదాలన్నీ పక్కకు పోతాయి. కిరీటం వారసత్వంగా వచ్చిన జనకుడే అంత పరాధీనుడైతే, ఓట్లతో వచ్చి, శాసనసభ్యుల తలకాయల లెక్క మీద బతికే ముఖ్యమంత్రి సంగతి చెప్పేదేముంది?

1984 ఆగస్టులో అది రుజువైంది. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషిని గవర్నర్ రామ్‌లాల్ ఆగస్టు 16న పదవి నుంచి తీసేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. రామారావు తన వైపున్న ఎమ్మెల్యేలను ఢిల్లీ తీసుకెళ్ళి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. తర్వాత వాళ్ళను కాపాడుకోవడానికి కర్ణాటకలో శిబిరం పెట్టారు. దేశంలోని ప్రతిపక్షాలన్నీ ఆయన వెంట నిలిచాయి. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, పదవి తిరిగొచ్చింది. ప్రజాస్వామ్యానికి అది పెద్ద విజయమే, అందులో అనుమానం లేదు. కాషాయం సంగతి వేరు. ఆ నెలంతా ఆయన కొట్లాడింది కుర్చీ కోసం. గట్టిగా, న్యాయంగా కొట్లాడారు. వైరాగ్యంతో మాత్రం కాదు.

మరి ఆ పాలనలో త్యాగం లేదా? బోలెడుంది. చిత్రమేమంటే అందులో చాలా భాగం ఇతరుల చేత చేయించినది. 1984లో కరణాలూ మునసబులూ, తెలంగాణలో పటేల్ పట్వారీలూ తరతరాల పెత్తనం వదులుకోవాల్సి వచ్చింది. ఊళ్ళో భూమి లెక్కంతా ఒక ఇంటి గుప్పిట్లో ఉండే రోజులు పోయాయి. 1985లో శాసనమండలి రద్దయింది, పెద్దల సభలోని పెద్దలు ఇంటికి వెళ్ళారు. 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని రాష్ట్రం వరకు సవరించి, పెళ్ళికాని కూతుళ్ళకు పూర్వీకుల ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే వాటా ఇచ్చారు. దేశంలో ఇలాంటి చట్టం అదే మొదటిది. అన్నదమ్ములు తమ వాటాలో కొంత వదులుకోక తప్పలేదు.

వీటన్నిటిలో మతానికి నేరుగా తగిలింది 1987 నాటి దేవాదాయ చట్టం. జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ నివేదిక దానికి పునాది. తిరుమలలో అప్పటి దాకా అర్చకత్వం వంశపారంపర్య మిరాశీ. నాలుగు కుటుంబాలు వంతుల వారీగా స్వామి కైంకర్యం చేసేవి. ప్రసాదాలు వండే గమేకార్లకూ మిరాశీ ఉండేది. జీతాలకు బదులు నైవేద్యంలో, లడ్డూల్లో, వడల్లో వాటాలుండేవి. ఆ వాటాలు అమ్ముకోవచ్చు, తాకట్టూ పెట్టుకోవచ్చు. కొత్త చట్టం ఒక్క దెబ్బతో ఆ వారసత్వ హక్కుల్ని తీసేసింది. తెర మీద వేంకటేశ్వరుడైన మనిషే కొండ మీద వేంకటేశ్వరుడి సేవకుల హక్కు రద్దు చేశాడని అర్చక కుటుంబాలు వాపోయాయి. వాళ్ళ వాదనలో శాస్త్రబలం లేకపోలేదు. వైఖానస ఆగమం ప్రకారం స్వామిని తాకే అర్హత ఆ సూత్రంలో పుట్టినవాళ్ళకే ఉంది. చట్టం మాత్రం అర్హతకూ ఆస్తికీ మధ్య గీత గీసింది. పూజ ఎలా చేయాలో ఆగమం చెబుతుంది. ఎవరిని పనిలో పెట్టుకోవాలి, ఏం జీతమివ్వాలన్నది సర్కారు చూసుకుంటుంది. తూచి చూస్తే ఈ గీతే సరైనదనిపిస్తుంది. దేవుడి సేవ వారసత్వమైనా కావచ్చేమో గానీ లడ్డూలో వాటాను తాకట్టు పెట్టుకోవడం ఏ ఆగమంలోనూ ఉండదు.

కొండ మీద నిత్యాన్నదానం మొదలైందీ ఈయన హయాంలోనే, 1985లో. కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చిన చేతికి అది పెద్ద దూరమేం కాదు.

కాషాయం లేకుండా సన్యాసం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే అదే కృష్ణా జిల్లాలో, నిమ్మకూరుకు కొద్ది దూరంలోని గన్నవరం వైపు చూడాలి. ఆ నియోజకవర్గం నుంచి మూడుసార్లు శాసనసభకు గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్యకు దేవుడి మీద నమ్మకం లేదు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామి కుటుంబంలో పుట్టారు. పేరు చివరున్న కులాన్ని కత్తిరించుకున్నారు. వాటాకొచ్చిన ఆస్తిని పార్టీకి ఇచ్చేశారు. ఉద్యమానికి అడ్డవుతుందని భార్య లీలతో కలిసి పిల్లలు వద్దనుకున్నారు. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్ళారు. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన సంగతులు, ఎక్కాల్సినవే. అంతగా చెప్పుకోనిది మరొకటుంది. ఎమర్జెన్సీ రోజుల్లో మార్క్సిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఉంటూ, పార్టీ విధానం తనకు సమ్మతం కాదని ఆ పదవిని వదిలేశారు. ఎవరూ పొమ్మనలేదు. సులభ గనక ఆయన్ను చూసి ఉంటే అడగడానికి ఆమెకు పెద్దగా ప్రశ్నలుండేవి కావు.

సుందరయ్యది ఒక పార్టీకి అంకితమైన జీవితం, ఆయనకు రాష్ట్రాన్ని పాలించే అవకాశం రాలేదు, కాబట్టి పోలిక సరికాదనవచ్చు. నిజమే, కొంతవరకు. అయితే ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రిగా చేసిన టంగుటూరి ప్రకాశం మద్రాసులో బారిస్టరుగా గడించిందంతా ఉద్యమానికే ఖర్చు పెట్టి వట్టి చేతులతో పోయారు. ఆయనా కాషాయం కట్టలేదు.

పదవి పోయిన కాలంలో రామారావు ఏం చేశారన్నది ఈ కథలో ఆసక్తికరమైన భాగం. 1989లో పార్టీ ఓడింది. కల్వకుర్తిలో ఆయనే ఓడారు, హిందూపురం నిలబెట్టింది. ప్రతిపక్షంలో ఉంటూ మళ్ళీ మేకప్ వేసుకున్నారు. 1991లో ‘బ్రహ్మర్షి విశ్వామిత్ర’, 1992లో ‘సామ్రాట్ అశోక’. ఒకరు రాజ్యం వదిలి తపస్సుకు వెళ్ళి, రాజర్షి అనిపించుకున్నా తృప్తి చెందక బ్రహ్మర్షి అనిపించుకునేదాకా ఊరుకోని క్షత్రియుడు. ఇంకొకరు కళింగ యుద్ధం తర్వాత కత్తి దించి, కిరీటం మాత్రం దించని చక్రవర్తి. వేషాలు వేయడంలో నలభై ఏళ్ళ అనుభవమున్న మనిషి ఆ రెండు పాత్రల్నీ ఊరికే ఎంచుకున్నారనుకోలేం. సినిమాలుగా రెండూ ఆడలేదు.

హుస్సేన్‌సాగర్‌లోని బుద్ధుడి కథ కూడా ఇక్కడిదే. అమెరికాలో లిబర్టీ విగ్రహాన్ని చూసి వచ్చిన ముఖ్యమంత్రికి మనకూ అలాంటిదొకటి కావాలనిపించింది. నిలబెట్టడానికి ఎంచుకున్నది ఏ రాజునో కాదు, రాజ్యాన్ని వదిలి అర్ధరాత్రి వెళ్ళిపోయిన శాక్య రాకుమారుణ్ణి. భువనగిరి దగ్గర రాయగిరి కొండలో ఏకశిలను గణపతి స్థపతి బృందం చెక్కింది. 1990 మార్చిలో బార్జి మీద తీసుకెళుతుంటే విగ్రహం సాగర్‌లో మునిగిపోయింది, మనుషులూ చనిపోయారు. పైకి తీసి 1992 డిసెంబరులో నిలబెట్టారు. ఈ రెండు ఘట్టాలప్పుడూ దాన్ని చెక్కించిన మనిషి అధికారంలో లేరు.

1993లో, 70 ఏళ్ళ వయసులో, ఆయన లక్ష్మీపార్వతిని పెళ్ళి చేసుకున్నారు. ధర్మశాస్త్రం సన్యాసం నుంచి వెనక్కి వచ్చినవాణ్ణి ఆరూఢపతితుడంటుంది, ప్రాయశ్చిత్తం కూడా లేదంటుంది. రామారావు ఏ గురువు దగ్గరా దీక్ష పుచ్చుకోలేదు, శిఖా యజ్ఞోపవీతాల తతంగమూ లేదు, కాబట్టి ఆ మాట ఆయనకు తగలదు. జనం తీర్పు ఇంకా సూటిగా వచ్చింది. 1994లో 294 స్థానాల్లో 216 తెలుగుదేశానికి ఇచ్చారు. కాషాయం చూసి ఓటేసినవాళ్ళు ఎప్పుడైనా ఉండి ఉంటే, అది పోయిందని ఓటు మానేసినవాళ్ళు మాత్రం కనిపించలేదు. దూబగుంట రోశమ్మ వంటి నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం ఆ ఎన్నికల్లో పెద్ద బలమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. మగవాళ్ళ చేత మందు మాన్పించమన్నది ఇళ్ళలో దెబ్బలు తిన్నవాళ్ళ కోరిక, ముఖ్యమంత్రి వైరాగ్యంలోంచి పుట్టింది కాదు.

ఆగస్టు వచ్చేసరికి పార్టీ చీలింది. ఎక్కువమంది ఎమ్మెల్యేలు రామారావు అల్లుడు చంద్రబాబు నాయుడి వైపు చేరి, ట్యాంక్‌బండ్ దగ్గరి వైస్రాయ్ హోటల్లో మకాం వేశారు. రామారావు చైతన్యరథం మీద అక్కడికి వెళితే చెప్పులు పడ్డాయి. సెప్టెంబరు 1న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేశారు. 1984లో ఆయన్ను గెలిపించిందీ ఎమ్మెల్యేల సంఖ్యే, 1995లో దించేసిందీ అదే. ఆ రోజుల్లో ఆయన అల్లుణ్ణి ఔరంగజేబు అన్నారు. అంటే తనకు తాను షాజహాన్‌లా కనిపించారన్నమాట. విశ్వామిత్రుడు, అశోకుడు, బుద్ధుడు ఇంతమందిని తెర మీదా చెరువులోనూ నిలబెట్టిన మనిషికి కష్టకాలంలో గుర్తొచ్చింది కొడుకు చేతిలో బందీ అయిన ఒక పాదుషా. అందులో తప్పు పట్టడానికేం లేదు. కొడుకులూ అల్లుళ్ళూ ఎదురు తిరిగిన ముసలి తండ్రి బాధ అది, నిజమైన బాధ. జనకుడు మిథిల తగలబడినా తనదేమీ కాలలేదనుకున్నాడంటారు. అలా అనుకోవాలంటే ముందు మిథిల తనదని ఎన్నడూ అనుకుని ఉండకూడదు. రామారావు అనుకున్నారు, గట్టిగా అనుకున్నారు. ఆయన శక్తీ అందులోంచే వచ్చింది. 1996 జనవరి 18న గుండె ఆగింది.

రెండు నెలలకు, మార్చి 19న, సుప్రీంకోర్టు 1987 దేవాదాయ చట్టాన్ని సమర్థించింది. ఆయన ఇతరుల చేత వదిలించినవి ఆ తర్వాత ఒక్కొక్కటే వెనక్కి నడిచాయి. 1997లో మద్య నిషేధం సడలింది. 2007లో శాసనమండలి తిరిగొచ్చింది. అదే ఏడాది దేవాదాయ చట్టాన్ని మళ్ళీ సవరించి అర్చక కుటుంబాల పాత హక్కుకు కొంత చోటిచ్చారు. కరణాల పెత్తనం మాత్రం పాత రూపంలో మళ్ళీ రాలేదు. కూతుళ్ళ వాటా సంగతికి వస్తే, తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో అదే దారి పట్టాయి. 2005లో పార్లమెంటు దాన్ని పెళ్ళయిన కూతుళ్ళతో సహా దేశమంతటికీ వర్తింపజేసింది.